పనస చెక్క గిటారు, మూసిన గది

పాలిష్ షాపు పెట్టుకుంటున్నామని సలహా కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లు మొదట అడిగేది ఒకటే, మెరుపు ఎలా తెప్పించాలి అని. నాకు తెలిసినంత చెబుతాను. ఎమరీ పేపరు ఏ నంబరుతో మొదలుపెట్టి ఏ నంబరుతో ఆపాలి, లప్పం ఎంత పల్చగా ఉండాలి, స్ప్రే గన్ను చెక్కకి ఎంత దూరంలో పట్టాలి, అన్నీ చెబుతాను. వాళ్లు సంతోషంగా వెళ్లిపోతారు. అసలు చెప్పవలసింది చెప్పలేదన్న సంగతి వాళ్లు గేటు దాటాక గుర్తొస్తుంది. నిజానికి గుర్తుండే చెప్పను. ఎదురుగా కూర్చుని చెప్పడం నావల్ల కాలేదు. అందుకని రాస్తున్నాను.

నా పేరు నాగేశ్వరరావు. ముప్పై ఏళ్ల పైచిలుకు కోనసీమలో చెక్కకి పాలిష్ పట్టాను. తలుపులు, పందిరి మంచాలు, బీరువాలు, ఉయ్యాల బల్లలు, గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న మేడల్లో మెట్ల చేతిపట్టెలు. ఒక్కసారి మాత్రం ఎలక్ట్రిక్ గిటారు. నా పనితనం గురించి ఈ చుట్టుపక్కల ఎవరైనా ఒక ముక్క మంచిగా చెప్పారంటే ఆ గిటారు చూసే చెప్పారు. నా జీవితంలో నేను చేసిన పెద్ద తప్పు కూడా ఆ గిటారు దగ్గరే మొదలైంది.

కొత్తపేటలో

పని నేర్చుకున్నది కొత్తపేటలో వెంకన్న మేస్త్రి దగ్గర. అప్పుడంతా చేతిపాలిషే. లక్కని స్పిరిట్‌లో నానబెట్టి, దూది ఉండకి పాత పంచె గుడ్డ చుట్టి, దానితో సున్నాలు చుడుతున్నట్టు చెక్క మీద రుద్దుతూ పోవాలి. మధ్యాహ్నానికి భుజం పడిపోయేది. మేస్త్రి నోరు మంచిది కాదు గాని చెయ్యి మంచిది.

ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి విషయం తడిగుడ్డ. రంగు వేసేముందు చెక్కంతా తడిగుడ్డతో ఒకసారి తుడవాలి. వడ్రంగి జిగురు ఎక్కడైనా పూసుకుపోయి ఉంటే అక్కడ చెక్క తడి పీల్చదు, తెల్లగా తేలిపోతుంది. పొడి చెక్క మీద ఆ జిగురు కంటికి కనపడదు. రంగు పడ్డాక మాత్రం ఊరందరికీ కనపడుతుంది.

రెండోది ఆయన చెప్పి నేర్పింది కాదు. ఒక వేసవిలో భోజనాలప్పుడు మా షెడ్డు సగం కాలిపోయింది. మాతో పనిచేసే సత్తెయ్యకి బీడీ అలవాటు. మేస్త్రి అతన్ని అందరి ముందు నానా మాటలు అని పంపించేశారు. సత్తెయ్య, "నేను కాల్చలేదండి, అమ్మతోడండి," అని ఎంత మొత్తుకున్నా వినలేదు. నాలుగైదు నెలలు పోయాక, మేమందరం చూస్తుండగానే, మూలన పడేసిన గుడ్డల కుప్పలోంచి పొగ లేచింది. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయని అప్పటిదాకా మాకు తెలీదు. మేస్త్రి ఆ కుప్పని కాలితో తొక్కి ఆర్పేసి, మా మొహాలు చూసి, "పని చూడండెహె," అన్నారు. సత్తెయ్యని వెనక్కి పిలవలేదు. పిలవమని మేమూ అడగలేదు. షెడ్డు తగలబెట్టినవాడన్న పేరుతో అతనికి ఇంకెక్కడా పాలిష్ పని దొరకలేదు. కొబ్బరికాయల లారీలకి లోడింగు పనికి పోయాడు.

అప్పుడు నేను మేస్త్రిని మనసులో చాలా తిట్టుకున్నాను. ఆయన స్థానంలో నేనుంటే అలా చెయ్యనని గట్టిగా నమ్మాను.

సూరిబాబు

తొంభైల మొదట్లో సఖినేటిపల్లిలో గోదావరి రేవుకి వెళ్లే రోడ్డులో సొంతంగా షాపు పెట్టాను. ముందు రేకుల షెడ్డు, వెనక చెక్క పేర్చుకునే పక్కా గది. మా చెల్లెలు లక్ష్మి భర్త సూరిబాబు నాతో కలిశాడు. ఇద్దరం ఒక ఈడువాళ్లం. అతను నన్ను బావా అనేవాడు, నేను అతన్ని బావా అనేవాణ్ణి. షాపుకి వచ్చినవాళ్లకి ఎవరు ఎవరిని పిలుస్తున్నారో తెలిసేది కాదు.

సూరిబాబు కబడ్డీ ఆటగాడు. చుట్టుపక్కల ఊళ్లలో పోటీలు పెడితే ఇతన్ని పిలిపించుకునేవారు. కూతకి వెళ్లాడంటే అవతలివాళ్లు విసిగిపోవాలి తప్ప ఇతని ఊపిరి ఆగేది కాదు. పని చేస్తూ పాటలు పాడేవాడు. ఎమరీ పేపరు పట్టి రుద్దుతున్నంతసేపూ పాటే. చెక్కని వేళ్లతో తడిమి, కంటికి కనపడని గరుకు కూడా పట్టేసేవాడు. చెయ్యి నాకంటే మంచిది. ఆ మాట అతను ఉండగా నేను ఎన్నడూ అనలేదు.

రాంబాబు గారి చెక్క

తొంభైల చివర్లో, వానాకాలం మొదలవుతుండగా, రాంబాబు గారని ఒకాయన గోనెగుడ్డలో చుట్టిన చెక్క పట్టుకుని వచ్చారు. తాటిపాక దగ్గర వ్యవసాయం ఉన్న కుటుంబం. ఆయన మస్కట్‌లో పైపులకి రంగులు వేసే యార్డులో పనిచేస్తూ రెండు నెలల సెలవు మీద వచ్చారు.

గోనెగుడ్డ విప్పితే పసుపుపచ్చటి పనస చెక్క, రెండు పలకలు అతికి, నడుం దగ్గర సన్నం చేసి, పైన రెండు కొమ్ములు తీసి ఉంది.

"గిటారు బాడీ అండి. నేనే కోసుకున్నాను. వీణకి పనసే కదండీ వాడేది, దీనికీ పనికొత్తాదనుకున్నాను," అన్నారు.

సూరిబాబు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇందులో డొల్ల లేదేటండీ? మోత ఎలాగొత్తాదండీ?"

"ఎలక్ట్రిక్‌దండి. తీగల కింద అయస్కాంతాలుంటాయి. వైరు పెట్టి బాక్సుకి కలిపితే అందులోంచి వత్తాది మోత."

తీగలు కట్టే మెడ వేరే సంచిలో ఉంది. అది ఆయన స్నేహితుడిది. గోవా మనిషి. మస్కట్‌లో ఒకే గదిలో ఉండేవారు, ఈయనకి గిటారు నేర్పింది ఆయనే. యార్డులో మిషనులో పడి ఆయన ఎడమచేతి వేళ్లు మూడు పోయాయి. ఆస్పత్రి నుంచి గదికి వచ్చిన రోజు గిటారు తీసి నేలకేసి కొట్టాడు. బాడీ ముక్కలైపోయింది, మెడ మిగిలింది. ఇంటికి వెళ్లిపోతూ ఆ మెడ, వైర్లు రాంబాబు గారి చేతిలో పెట్టి, "నువ్వు వాయించుకో," అన్నాడట.

"తిరిగి ఎల్లేటప్పుడు గోవా మీదుగా ఎల్తానండి. ఆయన ముందు కూర్చుని ఒక్కసారి వాయించాలి. అచ్చం ఆ పాతదాని రంగే రావాలండి," అన్నారు. పాత గిటారు ఫొటో ఒకటి చూపించారు. మధ్యలో తేనె రంగు, అంచులకి పోయేకొద్దీ ఎరుపు, చిట్టచివర నలుపు. దాని మీద అద్దంలాంటి మెరుపు. ఫొటోలో ట్యూబులైటు కూడా ఆ చెక్కలో కనపడుతోంది.

అటువంటిది ఎన్నడూ చెయ్యలేదని చెప్పవలసింది నేను. "ఆయ్, చేసేద్దామండి," అన్నాను.

రంగు

ఆ ఒక్క చెక్క మీద నేను రెండుసార్లు మొదటికి వచ్చాను. పనిలోకి వచ్చేవాళ్లకి ఉపయోగపడుతుందని చెబుతున్నాను.

మొదటిసారి తప్పు నాది, అదీ తెలిసి చేసిన తప్పు. రాంబాబు గారు అతుకు చాలా శుభ్రంగా పెట్టారు. చూడటానికి ముచ్చటగా ఉంది. సరేలే అని తడిగుడ్డ పెట్టలేదు. పసుపు రంగు పొడి స్పిరిట్‌లో కలిపి పూశామో లేదో, నడిమధ్యన అతుకు వెంబడి అరచెయ్యంత మేర తెల్లగా తేలిపోయింది. జిగురు. వెంకన్న మేస్త్రి ఎదురుగా నిలబడి తిడుతున్నట్టనిపించింది. రంగంతా ఎమరీతో తీసేసి, జిగురు గీకి, మళ్లీ నున్నగా రుద్దేసరికి రెండు రోజులు పోయాయి.

రెండోసారి రంగు బాగా వచ్చింది. దాన్ని వేసింది సూరిబాబు. ముందు చెక్కంతా నల్లరంగు పల్చగా పూసి, ఆరాక రుద్దేశాడు. పనస గీతల్లో మాత్రం నలుపు నిలిచిపోయింది. దాని మీద తేనె రంగు. తర్వాత చూపుడువేలుకి మెత్తటి గుడ్డ చుట్టుకుని, ఎరుపులో ముంచి, అంచుల నుంచి లోపలికి చిన్న చిన్నగా అద్దుతూ వచ్చాడు. ఎక్కడ ఎరుపు ఆగింది, ఎక్కడ తేనె మొదలైంది అంటే వేలు పెట్టి చూపించలేం. రాంబాబు గారు వచ్చి ఫొటో పక్కన పెట్టి చూసుకున్నారు.

దాని మీద మెరుపు కోసం మామూలు లక్కర్ కొట్టాను. ఆ రోజు పొద్దుటి నుంచి ముసురు. వాన గాలిలో లక్కర్ కొడితే, పల్చబడటానికి అందులో కలిపిన థిన్నర్ ఆరేటప్పుడు చెక్క చల్లబడి గాలిలో తడి దాని మీద దిగుతుంది, పొర తెల్లబారిపోతుంది. ఇది పాలిష్ పనిలో అందరికీ తెలిసిన సంగతే. నాకూ తెలుసు. సెలవు అయిపోతోందని ఆయన తొందర, నా తొందర. పావుగంటలో గిటారు మీద పాలపొర కట్టినట్టయింది. థిన్నర్‌తో తుడవబోతే కింద ఎరుపు లేచి వచ్చేసింది. సూరిబాబు రెండు రోజుల కష్టం నేను ఒక పూటలో పాడుచేశాను. అతను ఎమరీ పేపరు తీశాడు. కూర్చుని మళ్లీ రుద్దడం మొదలుపెట్టాడు.

మూసిన గది

ఆ సంగతి విని రాంబాబు గారు విజయవాడ వెళ్లి, కార్లకి రంగు మీద మెరుపు కోసం కొట్టే క్లియర్ రెండు డబ్బాలు తెచ్చారు. ఒకటి క్లియర్, రెండోది అది గట్టిపడటానికి కలిపే హార్డెనరు. రెండూ కలిపాక ముసురున్నా తెల్లబారదు, గోరుతో గీకినా గీత పడదు. దాంతోపాటు తన పెట్టెలోంచి ఒక మాస్కు కూడా తెచ్చారు. ముట్టెలాగ ముందుకి పొడుచుకువచ్చి, రెండువైపులా గుండ్రటి బిళ్లలున్న రబ్బరు మాస్కు.

డబ్బా మీద ఇంగ్లీషులో ఉన్నది మాకు చదివి చెప్పారు.

"ఈ హార్డెనరు గాలి పీలిత్తే ఊపిరితిత్తులకి పడదండి. ఒకసారి పడకపోయిందంటే మళ్లీ కొంచెం తగిలినా ఆయాసం వచ్చేత్తాదంట. మా యార్డులో మాస్కు లేకుండా షెడ్డులోకి రానివ్వరు. నా దగ్గరున్నది ఇదొక్కటేనండి. అందుకని లోపల ఒక్కరే ఉండండి. ఇద్దరుండొద్దు. తలుపులు తీసుకుని కొట్టండి."

"ఆయ్, అలాగేనండి," అన్నాను.

ఆయన టికెట్టు పని మీద అమలాపురం వెళ్లారు. మూడోసారి రంగు కుదిరింది. ఇంకోసారి పాడైతే చేసే రోజులు లేవు. తలుపులు తీస్తే రోడ్డు మీద దుమ్ము వచ్చి తడి క్లియర్‌కి అంటుకుంటుంది. వెనక గది ఖాళీ చేసి, కిటికీలకి ప్లాస్టిక్ పట్టాలు కొట్టించి, నేల మీద నీళ్లు చల్లి, తలుపు వేసేశాను. గిటారుని దూలానికి తీగతో వేలాడదీశాను. గన్ను గాలికి అది ఊగిపోతోంది. మెడ దూరే గాడిలో కర్ర బిగించి, ఆ కర్ర పట్టుకుని గన్నుకి ఎదురుగా మెల్లగా తిప్పేవాళ్లు ఒకళ్లు కావాలి.

మాస్కు నేను పెట్టుకున్నాను. కొట్టేది నేను కదా అనుకున్నాను. సూరిబాబు తడితువ్వాలు ముక్కుకి కట్టుకుని కర్ర పట్టుకున్నాడు.

మొదటి కోటుకే గది మంచు పట్టినట్టయిపోయింది. నేను కొట్టేది గిటారు మీద పడగా మిగిలినదంతా వెళ్లి అతని మొహాన పడుతోంది.

"కళ్లు మండుతున్నాయి బావా," అన్నాడు.

"కదలకు. దుమ్ము లేత్తాది."

కోటుకీ కోటుకీ మధ్య పావుగంట ఆగాలి. తలుపు తీస్తే దుమ్ము వస్తుందని తియ్యలేదు. అతను ఆ కర్ర పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మూడు కోట్లు. గంట పైనే పట్టింది. బయటికి వచ్చేసరికి అతని కళ్లు మిరపపండ్లలా ఉన్నాయి. అరుగు మీద కూర్చుని చాలాసేపు దగ్గాడు. తర్వాత టీ తాగి, "నీ గిటారు నన్ను చంపేసింది బావా," అని నవ్వాడు. నేనూ నవ్వాను.

నాలుగో రోజు పాలిష్ పేస్టుతో రుద్దాక వచ్చిన మెరుపు ఎలాంటిదో మాటల్లో చెప్పలేను. మొహం చూసుకోవచ్చు. రాంబాబు గారు మా షాపులోనే మెడ బిగించి, తీగలు కట్టి, పక్క షామియానా దుకాణంలో బాక్సు తెచ్చి కలిపారు. రేవుకి పోయే జనం ఆగిపోయి విన్నారు. రెండు పాటలు వాయించి, గిటారు పక్కన పెట్టి సూరిబాబు చేతులు పట్టుకున్నారు. లోపల ఒక్కరే ఉంటామన్న మాట నేను తప్పానని ఆయనకి తెలీదు. నేను చెప్పలేదు.

ఆ మెరుపు అందరికీ కావలసివచ్చింది

గిటారు వెళ్లిపోయింది గాని దాన్ని చూసినవాళ్లు ఊళ్లో ఉన్నారు. కొత్తగా మేడ కట్టిన ప్రతివాళ్లకీ ఆ మెరుపే కావాలి. సింహద్వారాలు, డైనింగు బల్లలు, టీవీ స్టాండ్లు. విజయవాడ నుంచి ఆ డబ్బాలు తెప్పించడం మొదలుపెట్టాను. గన్ను సూరిబాబు చేతికి వెళ్లింది, ఎందుకంటే అతను కొడితే ఎక్కడా జారేది కాదు, ఎక్కడా పల్చబడేది కాదు. మాస్కు కూడా అతనికే ఇచ్చాను.

మాస్కు బిళ్లలు కొన్నాళ్లకి పనికిరాకుండా పోతాయి, లోపలికి వాసన వస్తే మార్చాలి అని రాంబాబు గారు చెప్పే ఇచ్చారు. నాలుగైదు నెలలకి సూరిబాబు, "వాసన వచ్చేత్తంది బావా," అన్నాడు. రాజోలులో అడిగాను, అమలాపురంలో అడిగాను, అలాంటివి లేవన్నారు. డబ్బాల కోసం విజయవాడకి మనిషిని పంపేవాణ్ణి. బిళ్లల కోసం పంపలేదు. "చూద్దాంలే," అన్నాను. అతను బిళ్లల మీద గుడ్డ కట్టుకుని అదే పెట్టుకునేవాడు. అలా రెండేళ్లు దాటింది.

దగ్గు ముందు రాత్రిళ్లు వచ్చేదట. తర్వాత పగలు కూడా. పాటలు మానేశాడు. నేను గమనించాను గాని ఏమిటని అడగలేదు. ఒకరోజు తనే అన్నాడు. "ఇంటికాడ పాపతో రెండ్రోజులుంటే బాగానే ఉంటంది బావా. ఇక్కడికొచ్చి డబ్బా మూత తియ్యగానే గుండెల మీద ఎవరో కూచున్నట్టుంటంది."

ఆ మాట వినగానే రాంబాబు గారు చదివి చెప్పింది నాకు గుర్తొచ్చింది. ఇది నేను ప్రమాణం చేసి చెప్పగలను. గుర్తొచ్చింది. "చలిగాలేమో, చెవులకి మఫ్లరు కట్టుకో," అన్నాను.

డాక్టరు గారు అడిగినది

అమలాపురంలో చూపిస్తే ఎక్స్‌రే తీసి, క్షయ కావచ్చునన్నారు. కళ్లెలో పురుగు దొరకలేదు గాని మందులు మొదలుపెట్టారు. నెలల తరబడి వాడినా గుణం కనపడలేదు. మనిషి చిక్కిపోయాడు. అప్పుడు కాకినాడ తీసుకెళ్లాను. అక్కడ ఊపిరితిత్తుల డాక్టరు గారు పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడే మనిషి. గుండెలు విని, గొట్టంలోకి ఊదించి, పాత కాగితాలు చూసి, "ఇది క్షయ కాదనుకుంటానయ్యా. ఏం పని చేస్తావు?" అని సూరిబాబుని అడిగారు.

సూరిబాబు నోరు తెరిచేలోపు నేను చెప్పాను. "చెక్క పనండి. వడ్రంగం."

"దుమ్మా? రంగులూ, మందులూ ఏమైనా కొడతాడా?"

"దుమ్మేనండి."

అప్పుడు చేతిలో ఒక కల్యాణ మండపం పని ఉంది. తలుపులన్నీ మావే. అంత పని మాకు ముందెన్నడూ రాలేదు. స్ప్రే మానేయమంటారేమో, మానేస్తే ఈ పని ఎవరు చేస్తారు, ఇదంతా నావల్లే వచ్చిందని తేలితే చెల్లెలి మొహం ఎలా చూడను, ఇవన్నీ ఆ ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగాయి. సూరిబాబు నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. నేనేదో ఆలోచించే చెప్పి ఉంటానని అనుకున్నట్టుంది. తల దించుకున్నాడు.

ఉబ్బసమని, దుమ్ములో పనిచేసేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోమని చెప్పి, పీల్చే మందు రాశారు డాక్టరు గారు. తెలిసినవాటిని బట్టి ఆయన సరిగ్గానే వైద్యం చేశారు.

ఈ పనిలోకి వచ్చే మీకు చెబుతున్నాను. డాక్టరు ఏం పని అని అడిగితే పనంతా చెప్పండి. డబ్బా పేరుతో సహా చెప్పండి. మీ తరఫున మీ మేస్త్రిని మాట్లాడనివ్వకండి. ఎంత మంచివాడైనా, సొంత బావ అయినా సరే.

రేవు

ఊరొచ్చాక అతన్ని గన్ను పట్టవద్దన్నాను. అలా చేసి నా తప్పు దిద్దేసుకున్నాననుకున్నాను. అతను ముందు షెడ్డులో ఎమరీ పని చేసేవాడు, వెనక గదిలో నేను స్ప్రే చేసేవాణ్ణి. మధ్యలో ఉన్నది తలుపు ఒక్కటే.

మండపం పనిలో ఆఖరి నాలుగు తలుపులు మిగిలాయి. మధ్యాహ్నం వేళ. రెండో తలుపు కొడుతుండగా ముందు షెడ్డులో ఏదో పడిన చప్పుడైంది. వచ్చి చూస్తే సూరిబాబు నేల మీద కూర్చుని, మోకాళ్ల మీద చేతులాన్చి, నోరు తెరుచుకుని ఉన్నాడు. లోపలికి పోతున్న గాలికి ఈలలాంటి చప్పుడు. పీల్చే మందు నోట్లో పెట్టాను. లాభం లేకపోయింది. పెదాలు నల్లబడుతున్నాయి.

అవతలి ఒడ్డున నరసాపురంలో ఆస్పత్రి మాకు దగ్గర. ఆటోలో రేవుకి తీసుకెళ్లాను. జనాన్ని దాటించే పంటు అవతలి ఒడ్డున ఉంది. చేపల పడవ ఒకటి ఇంజను వేసి సిద్ధంగా ఉంటే బతిమాలి ఎక్కించాను. పడుకోలేకపోయాడు. నాకు ఆనుకుని కూర్చున్నాడు. నది మధ్యకి వచ్చేసరికి గాలి బాగా తోలుతోంది. పడవవాళ్ల తలగుడ్డలు ఎగిరిపోతున్నాయి.

"బావా," అన్నాడు. నేను వంగాను.

"కిటికీ తియ్యి బావా."

"తీసే ఉంది. చూడు, అంతా గాలే," అన్నాను. అతను నా చొక్కా పట్టుకుని మళ్లీ అదే మాట అన్నాడు. అవతలి ఒడ్డు ఇంకా కొంచెం దూరం ఉందనగా చొక్కా మీద అతని పట్టు వదులైపోయింది. ఆస్పత్రిలో చూసి, దారిలోనే పోయాడన్నారు.

లక్ష్మి

మిగిలిన తలుపులు నేను చెయ్యలేదు. ఆ డబ్బాలు మళ్లీ తెప్పించలేదు. తర్వాత పని మానేసేవరకూ చేతిపాలిషే చేశాను. మెరుపు తక్కువని చాలామంది వేరే షాపులకి పోయారు. ఉబ్బసంతో పోయాడని ఊరంతా అనుకుంది. నేనూ ఆ మాటే అన్నాను. వెంకన్న మేస్త్రి అయినా ఒక పరాయి మనిషి మీదకి తోశారు. నేనైతే, చచ్చిపోయిన బావ ఊపిరితిత్తుల మీదకే తోసేశాను.

ఏడాది తిరిగాక, గిటారు పట్టుకెళ్లాక మళ్లీ కనపడని రాంబాబు గారు సెలవు మీద వచ్చి, సంగతి విని పరామర్శకి వచ్చారు. లక్ష్మి ఇంటికి నేనే తీసుకెళ్లాను. గిటారు గోవా తీసుకెళ్లిన సంగతి చెప్పారు. ఆ స్నేహితుడు మిగిలిన రెండు వేళ్లతో దాని అంచులు తడిమి, ఈ రంగు వేసినవాడికి నా నమస్కారం చెప్పు అన్నాడట. "ఆ మాట చెప్పాలని వచ్చేనండి," అని కళ్లు తుడుచుకున్నారు. తర్వాత నా వైపు తిరిగి, మామూలుగానే అడిగారు.

"మాస్కు బిళ్లలు మార్చేవారు కదండీ? ఆ మందు ఆయన పీల్చలేదు కదా?"

లక్ష్మి మంచినీళ్ల గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఉంది. నేను లక్ష్మి వైపు చూశాను. రాంబాబు గారు నన్ను చూశారు, లక్ష్మిని చూశారు, లేచి వెళ్లిపోయారు.

"ఏ మందు అన్నయ్యా?" అంది లక్ష్మి.

అప్పుడు చెప్పాను. మూసిన గది దగ్గర మొదలుపెట్టి కాకినాడ దాకా, ఏదీ దాచకుండా. డాక్టరు గారు అడిగితే నేనేం చెప్పానో అది కూడా చెప్పాను. అది నిలబడే వింది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"క్షయ అన్నారు కదా అమలాపురంలో," అంది. "కాదని నీకు అప్పుడే తెలుసా?"

"అనుమానం ఉండేదమ్మా."

చేతిలో గ్లాసులు కింద పెట్టింది.

"ఆయన కంచం, గ్లాసు వేరుగా పెట్టేను. పడక వీధి అరుగు మీద వేసేను. పాపకి అంటుకుంటాదేమోనని ఏడాది పాటు దాన్ని ఆయన దగ్గరికి పోనివ్వలేదు అన్నయ్యా. నాన్నా అని పరిగెడితే రెక్క పట్టుకుని లాక్కొచ్చేదాన్ని. ఆయన దూరం నుంచే చూసేవోరు."

రాంబాబు గారు తాగని నీళ్ల గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది. నేను చాలాసేపు అక్కడే కూర్చున్నాను. లోపల వంటింట్లో అది పని చేసుకుంటున్న చప్పుడు వినపడుతూనే ఉంది గాని మళ్లీ బయటికి రాలేదు.